పక్కపక్కనే రెండు నగరాలు: ఎక్కడ కాపురం పెట్టాలో తేల్చుకోవడం ఎలా?

1772లో జోసెఫ్ ప్రీస్ట్‌లీకి ఒక చిక్కు వచ్చిపడింది. ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో మతబోధకుడిగా, శాస్త్రవేత్తగా ఆయన స్థిరపడి ఉన్నాడు. ఇంతలో లార్డ్ షెల్బర్న్ తన కొలువులోకి రమ్మని పిలిచాడు. వెళ్ళాలంటే ఊరు మారాలి, ఇంటిల్లిపాదినీ కదిలించాలి. ఏం చేయమంటావని మిత్రుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ని అడిగాడు. సెప్టెంబరు 19న రాసిన జవాబులో ఫ్రాంక్లిన్, నీ పరిస్థితి నాకు పూర్తిగా తెలియదు కాబట్టి ఏం చేయాలో చెప్పలేను, ఎలా తేల్చుకోవాలో మాత్రం చెబుతాను అన్నాడు. కాగితం మధ్యలో నిలువుగా గీత గీసి ఒకవైపు అనుకూలాలు, ఇంకోవైపు ప్రతికూలాలు రాయాలి. మూడు నాలుగు రోజులపాటు తోచినవన్నీ చేరుస్తూ పోవాలి. ఆ తర్వాత రెండువైపులా సమానంగా తూగేవాటిని కొట్టేస్తూ రావాలి. చివరికి ఏ వైపు బరువు మిగిలితే అదే నిర్ణయం. ప్రీస్ట్‌లీ మరుసటి ఏడాది లీడ్స్ వదిలి కాన్ అనే ఊరికి వెళ్ళాడు.

ఈ పద్ధతిలో జాబితా రాయడం అందరికీ గుర్తుంటుంది. కొట్టివేయడం చాలామంది మర్చిపోతారు. పక్కపక్క నగరాల్లో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం పనికొచ్చేదంతా ఆ కొట్టివేతలోనే ఉంది.

దూరపు నగరాల్ని పోల్చడం నిజానికి తేలిక. వాతావరణం వేరు, భాష వేరు, దొరికే ఉద్యోగాలు వేరు. తేడాలు పెద్దవి కాబట్టి మనసు త్వరగానే ఒకవైపు మొగ్గుతుంది. గంట దూరంలో ఉన్న రెండు నగరాలతోనే అసలు తంటా. రెంటికీ ఒకే ఎండ, ఒకే వాన, ఒకే విమానాశ్రయం, చాలావరకు అవే ఉద్యోగాలు. ప్రాణం మీదికొస్తే పరిగెత్తే పెద్దాసుపత్రి కూడా ఒక్కటే. వీటిని కొట్టేస్తే జాబితాలో మిగిలేది కొంచెమే. ఆ కొంచెంలో కూడా సగం అద్దె, ఇంటి వైశాల్యం, పేరుప్రతిష్ఠలు లాంటి పైకి కనిపించే తేడాలు. కనిపించని సగంలో పన్ను, కుళాయి నీళ్ళు, రోజూ దారిలో కరిగిపోయే గంటలు ఉంటాయి. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు కళ్ళెదుట ఉన్న తేడా ముందు ఇవి ఆనవు. ఇల్లు మారాలనుకునేవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే అని నా నమ్మకం. అందుకే ఒక్కో ముడీ విడిగా విప్పుకుంటూ పోవడం మంచిది.

గీత ఎక్కడ గీశారు?

రెండు నగరాల్ని పోల్చాలనుకోగానే మొదట వెతికేవి అంకెలు. లక్ష మందికి ఎన్ని నేరాలు, సగటు అద్దె ఎంత, సగటు ఆదాయం ఎంత. ఈ అంకెలన్నీ నగరం హద్దు లోపల లెక్కకట్టినవి. ఆ హద్దు ఎక్కడుందో చూడకుండా అంకెను నమ్మితే తప్పుదారి పడతాం.

అమెరికాలోని సెయింట్ లూయిస్‌ని చూడండి. నేరాల పట్టికల్లో దాని పేరు తరచూ పైన కనిపిస్తుంది. ఆ నగరాన్ని చుట్టూ ఉన్న కౌంటీ (మన జిల్లా లాంటిది) నుంచి విడదీయాలని 1876లో అక్కడి ఓటర్లు తీర్మానించారు. అప్పుడు గీసిన హద్దు ఇప్పటికీ కదల్లేదు. 2020 జనాభా లెక్కల్లో నగరంలో ఉన్నది సుమారు 3 లక్షల మంది. దాని చుట్టూ అల్లుకున్న మహానగర ప్రాంతంలో సుమారు 28 లక్షల మంది ఉన్నారు. చాలా నగరాలు కాలక్రమంలో ప్రశాంతమైన శివార్లను తమలో కలుపుకున్నాయి, దాంతో వాటి సగటు నేరాల రేటు తగ్గి కనిపిస్తుంది. సెయింట్ లూయిస్ శివార్లు హద్దుకి అవతలే ఉండిపోయాయి. అక్కడి నేరాలు అబద్ధమని నేననడం లేదు. పట్టికలో దానికి పైనా కిందా ఉన్న నగరాల్ని అదే కొలబద్దతో కొలవలేదని మాత్రమే అంటున్నాను.

లండన్ మహానగరం నడిబొడ్డున విడి పాలన ఉన్న చిన్న ప్రాంతం సిటీ ఆఫ్ లండన్ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 2021 లెక్కల ప్రకారం అక్కడ నివాసముండేది సుమారు 8,600 మంది. పనిచేయడానికి వచ్చేది ఐదు లక్షల పైమాట. జేబుదొంగ పనికొచ్చినవాడి పర్సు కొట్టేసినా రేటు కట్టేటప్పుడు భాగించేది నివాసుల సంఖ్యతోనే. దాంతో అంకె ఆకాశానికి వెళ్తుంది. మీరు చూస్తున్న రెండు నగరాల్లో ఒకదానిలో పెద్ద మాల్, బస్టాండు, స్టేడియం ఉండి, రెండోదానిలో ఇళ్ళు మాత్రమే ఉంటే, ఇదే జరుగుతుంది. రాత్రి పడుకునేవాళ్ళ సంఖ్య ఒక్కటే చూసి పగటి జనాన్ని మరిచిపోయిన అంకె అది.

సగటు అద్దె ఇంకో రకంగా మోసం చేస్తుంది. ఒక ఊహాలెక్క వేద్దాం. రెండు నగరాల్లోనూ ఒక గది ఇంటికి 10 పాళ్ళు, మూడు గదుల ఇంటికి 20 పాళ్ళు అద్దె. ఎక్కడా పైసా తేడా లేదు. మొదటి నగరంలో నూటికి 80 ఇళ్ళు చిన్నవి, రెండోదానిలో 20 మాత్రమే. మొదటిదాని సగటు అద్దె 12, రెండోదానిది 18. రెండో నగరం మొదటిదానికంటే 50 శాతం ఖరీదని వార్త వస్తుంది. మీరు వెతికే ఇంటికి మాత్రం రెండుచోట్లా ఒకటే అద్దె.

అందువల్ల నగరం మొత్తం సగటును పక్కన పెట్టి, మీ స్తోమతకి అందే రెండు పేటలు పట్టుకోండి, ఒక్కో నగరంలో ఒకటి. అదే వైశాల్యం, అంతే పాత ఇల్లు, నడకదూరంలో అవే సదుపాయాలు. ఈ రెంటి మధ్య పోలికే నిజమైన పోలిక. ఒకే నగరంలోని రెండు పేటల మధ్య ఉండే తేడా, రెండు పొరుగు నగరాల సగటుల మధ్య తేడాకంటే ఎక్కువగా ఉండటం మామూలే. గాలి, రొద కూడా ఇంతే. ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 అనే అతి సన్నని ధూళి 5 మైక్రోగ్రాములు దాటకూడదని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. నగరం పేరు మీద కనిపించే అంకె, కొలిచే యంత్రం పెట్టిన చోటిది. పెద్ద రోడ్డు పక్కనుండే ఇంటికీ, నాలుగు వీధులు లోపలుండే ఇంటికీ ఆ అంకె ఒకే అర్థం ఇవ్వదు.

చవకకి కారణం ఉంటుంది

పక్క నగరంలో అదే ఇల్లు నాలుగో వంతు చవకగా దొరుకుతోందంటే మొదట సంతోషం, వెంటనే అనుమానం రావాలి. ఈ అనుమానానికి అర్థశాస్త్రంలో గట్టి పునాది ఉంది. 1979లో షెర్విన్ రోజెన్, 1982లో జెన్నిఫర్ రోబాక్ దీన్ని సిద్ధాంతంగా అల్లారు. జనం ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్ళగలిగినప్పుడు ఒక ఊరి మంచీ చెడూ అక్కడి భూమి ధరలోకి, జీతాల్లోకి ఇంకిపోతాయి. మంచి గాలి ఉన్నచోట అద్దె పెరుగుతుంది. దూరాభారమైనచోట తగ్గుతుంది. పొరుగు నగరాల మధ్య ఇంకా త్వరగా ఇంకుతుంది, ఎందుకంటే అటునుంచి ఇటు మారడానికి ఒక్క లారీ, ఒక్క రోజు చాలు.

శాండ్రా బ్లాక్ 1999లో ప్రచురించిన పరిశోధనలో ఈ ఇంకడాన్ని అంకెల్లో చూపించారు. మసాచుసెట్స్‌లోని బోస్టన్ శివార్లలో ఏ వీధి పిల్లలు ఏ ప్రాథమిక పాఠశాలకి వెళ్ళాలో చెప్పే సరిహద్దులుంటాయి. ఆ సరిహద్దుకి అటూ ఇటూ ఆనుకుని ఉన్న ఇళ్ళనే ఆమె పోల్చారు. పేట ఒకటే, మారేది బడి మాత్రమే. పరీక్షల్లో మార్కులు 5 శాతం ఎక్కువ వచ్చే బడి వైపు ఇంటికి తల్లిదండ్రులు సుమారు 2.5 శాతం ఎక్కువ ధర పెడుతున్నారని తేలింది.

దీన్నుంచి మనకి అందే ఉపయోగం ఒకటుంది, నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే నచ్చేది అదే. ధరలోకి ఇంకినవన్నీ మీకు పనికొచ్చేవి కాకపోవచ్చు. పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయిన దంపతులు మంచి బడి ఉన్న పేటలో ఇల్లు తీసుకుంటే, తాము ఎన్నడూ వాడని దానికి ప్రతి నెలా డబ్బు కడుతున్నట్టే. అలాగే ఇంటి నుంచే పనిచేసే మనిషికి రైల్వే స్టేషన్ దూరమన్న లోపం లోపమే కాదు, ఆ లోపం వల్ల తగ్గిన అద్దె మాత్రం పూర్తిగా లాభం. కాబట్టి చవక కనిపించినప్పుడు కారణమేమిటో తవ్వాలి. దొరికిన కారణం మీ ఇంట్లో ఎవర్ని తాకుతుందో చూడాలి. ఎవర్నీ తాకకపోతే మీ అదృష్టం. కారణం దొరకలేదంటే ఇంకా వెతకాలి. వానాకాలంలో నీళ్ళు నిలిచే పల్లమా, రాత్రుళ్ళు సరుకు లారీలు తిరిగే దారా, భవన సంఘానికి బాకీలున్నాయా అన్నవి ధర పలికించే ముందు అక్కడివాళ్ళకి తెలుసు. తెలియనిది కొత్తగా వచ్చే మనకే.

ఇంటి ఖర్చు ఆదాయంలో 30 శాతం దాటకూడదని ఒక పాత లెక్క ఉంది. షికాగోలోని సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ ఆ లెక్కని సరిదిద్దుతూ ఇంటి ఖర్చునీ రవాణా ఖర్చునీ కలిపి చూడాలని, రెండూ కలిపి 45 శాతం లోపుండాలని ప్రతిపాదించింది. పొరుగు నగరాల పోలికకి ఇది బాగా పనికొస్తుంది. చవక ఇంటికోసం అవతలి నగరానికి వెళ్ళి, దానివల్ల ఇంటికి రెండో వాహనం కొనాల్సి వస్తే, అద్దెలో మిగిలింది ఇంధనానికీ బీమాకీ మరమ్మతులకీ పోతుంది. రెండు నగరాలకీ ఇల్లూ రవాణా కలిపిన మొత్తాన్ని ఒకే కాగితం మీద రాసుకుంటే అద్దె తేడా చాలాసార్లు సగానికి సగం కుంగిపోతుంది.

గంటల లెక్క

డబ్బు లెక్క ఎవరైనా వేస్తారు. గంటల లెక్క వేసేవాళ్ళు తక్కువ.

ఒకవైపుకి 25 నిమిషాలు ఎక్కువైతే ఏముందిలే అనిపిస్తుంది. రోజుకి 50 నిమిషాలు. ఏడాదికి 240 పని దినాలనుకుంటే 12,000 నిమిషాలు, అంటే 200 గంటలు. ఎనిమిది గంటల పనిరోజులుగా మారిస్తే 25 రోజులు. ఏడాదిలో ఒక నెల పని మొత్తం అదనంగా దారిలో చేస్తున్నట్టు.

మనుషులు రోజుకి సగటున గంట సేపు ప్రయాణానికి కేటాయిస్తారని 1970లలో యాకోవ్ జహావి అనే రవాణా పరిశోధకుడు గమనించాడు. ఇటలీ శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో ఆ ఆలోచనని చరిత్రకి అన్వయించాడు. నడకే గతి అయిన కాలంలో నగరాలు నడిచి గంటలో వెళ్ళిరాగలిగినంత మేరకే పెరిగాయి. గుర్రపు బళ్ళు, రైళ్ళు, కార్లు వచ్చేకొద్దీ నగరం వెడల్పయింది గానీ ఆ గంట పెద్దగా మారలేదు. ఇది జనసమూహాల సగటు, మనిషికి పెట్టిన గీత కాదు. అయినా ఇంట్లో ఎవరి ప్రయాణమైనా రానూపోనూ గంటను బాగా మించిపోతుంటే, ఆ లోటు నిద్రలోంచో పిల్లలతో గడిపే సాయంత్రంలోంచో తీరుతోందని అర్థం.

మించితే ఏమవుతుంది? లెక్క ప్రకారమైతే దూరం నుంచి వచ్చేవాడికి ఎక్కువ జీతమో చవక ఇల్లో దొరికి ఆ కష్టం సరిపోవాలి. స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు అలోయిస్ స్టట్జర్, బ్రూనో ఫ్రై జర్మనీ కుటుంబాల సర్వేల మీద 2008లో ప్రచురించిన అధ్యయనంలో అది సరిపోవడం లేదని తేల్చారు. ఎక్కువసేపు ప్రయాణించేవాళ్ళు తమ జీవితం మీద తక్కువ తృప్తి ఉన్నట్టు చెప్పారు. ఇంటి గోడలకి మనం తొందరగా అలవాటు పడతాం. ప్రయాణానికి అలవాటు పడటం కష్టం, ఎందుకంటే అది ఏ రోజూ ఒకేలా ఉండదు.

ఈ చివరి మాట మీద కాసేపు ఆగాలి. సగటు ప్రయాణ సమయం 40 నిమిషాలు అంటే సగం చెప్పినట్టే. ఒక దారిలో ప్రతిరోజూ 38 నుంచి 42 నిమిషాలు పడుతుంది. ఇంకో దారిలో ఒకరోజు 25, మరొకరోజు 75. సగటు దగ్గరదగ్గరగానే ఉన్నా రెండో దారిలో ఉన్నవాడు ప్రతిరోజూ 75 నిమిషాల ముందే ఇల్లు కదలాలి, లేకపోతే నెలకి రెండుసార్లు ఆలస్యం భరించాలి. అందుకే నగరాల్ని పోల్చేటప్పుడు మంచి రోజుని వదిలేసి చెడ్డరోజుని కొలవాలి. ఇరవై రోజుల్లో ఒకరోజు వచ్చే చెడు ఎంత చెడ్డదో తెలిస్తే ఆ దారి స్వభావం తెలిసినట్టే. దిక్కు కూడా చూడాలి. పొద్దున్న జనమంతా పెద్ద నగరంవైపు పోతుంటే, పెద్ద నగరంలో ఉండి చిన్న నగరంలో పనిచేసేవాడు ఖాళీ దారిలో ఎదురు వెళ్తాడు. పటం మీద దూరం ఒకటే, గడియారంలో సగం.

ఇక ఇల్లంటే ఒక్కరే కాదు కదా. సంపాదించే ఒకరి ఆఫీసుకి దగ్గరగా ఇల్లు తీసుకుని, మిగతావాళ్ళ ప్రయాణాల్ని ఎలాగోలా సర్దుకుంటారులే అని వదిలేసే కుటుంబాలు చాలా ఉంటాయి. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. పిల్లని బడి నుంచి తెచ్చేదెవరు, నెలకోసారి పెద్దాయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేదెవరు, రెండో ఉద్యోగం ఏ దిక్కున ఉంది? వారం మొత్తంలో ఇంట్లో అందరూ కలిసి దారిలో గడిపే నిమిషాల్ని కూడితే, ఒకరి పేరు మీద బాగా కనిపించిన నగరం కొన్నిసార్లు ఇంటిల్లిపాది పేరు మీద ఓడిపోతుంది.

మధ్యలో ఉన్న దాటు

పక్క నగరంలో ఉంటూ ఈ నగరంలో పనిచేయడమంటే రోజూ ఒక హద్దు దాటడం. ఒక్కోసారి అది బోర్డు మాత్రమే. ఒక్కోసారి నది, రాష్ట్రం, దేశం కూడా అవుతుంది. అప్పుడు మనం ఇల్లు ఎంచుకోవడంతోపాటు ఆ దాటు మీద పందెం కాస్తున్నాం.

ఓరెసుండ్ వంతెన 2000 జులైలో తెరుచుకున్నాక స్వీడన్‌లోని మాల్మోకీ డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌కీ మధ్య సముద్రం అరగంట రైలు ప్రయాణంగా మారింది. డెన్మార్క్ జీతంతో స్వీడన్‌లో కాపురం చాలామందికి లాభసాటి లెక్క అయింది. ఆ లెక్కలో రెండు దేశాల కరెన్సీల మారకపు రేటు కూడా కలిసి ఉందన్నది కొన్నేళ్ళకి గానీ తెలియదు. 2016 జనవరిలో స్వీడన్ డెన్మార్క్ నుంచి వచ్చే ప్రయాణికులకి గుర్తింపు పత్రాల తనిఖీ మొదలుపెట్టింది. పని ముగించుకుని ఇంటికి వెళ్ళేవాళ్ళు కోపెన్‌హాగన్ విమానాశ్రయ స్టేషన్లో దిగి, పత్రాలు చూపించి, మరో రైలు ఎక్కాల్సి వచ్చింది. 2017 మే దాకా అది సాగింది. ఇల్లు కదల్లేదు, ఆఫీసు కదల్లేదు, మధ్యలో దాటు మాత్రం పొడుగయింది.

సింగపూర్, మలేసియాలోని జొహోర్ బహ్రు మధ్య జరిగింది ఇంకా పెద్దది. 1924లో తెరిచిన కిలోమీటరు పొడవు కాజ్‌వే మీదుగా రోజూ లక్షల మంది అటూఇటూ దాటేవారు. జొహోర్‌లో ఇల్లు, సింగపూర్‌లో ఉద్యోగం అన్నది కొన్ని తరాల జీవన విధానం. 2020 మార్చి 18న మహమ్మారి ఆంక్షలతో మలేసియా రాకపోకలు ఆపేసింది. ఎంతోమంది ఒకే రాత్రిలో ఇల్లా, ఉద్యోగమా తేల్చుకుని అటో ఇటో ఉండిపోయారు. భూమార్గం పూర్తిగా తెరుచుకుంది 2022 ఏప్రిల్ 1న. రెండేళ్ళు.

ఇలాంటివి అరుదని తెలుసు. అయినా ఒక్క వంతెన, ఒక్క రైలు మార్గం మీద జీవితమంతా ఆధారపడే ఏర్పాటుకీ, మూడు దారులున్న ఏర్పాటుకీ తేడా ఉంది. ఆ తేడాకి అద్దెలో కొంత విలువ కట్టుకోవాలి.

పన్నుల హద్దు వేరే రకం. కొలంబియా నదికి ఒక ఒడ్డున ఓరెగాన్‌లోని పోర్ట్‌లాండ్, ఇంకో ఒడ్డున వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్. ఓరెగాన్‌లో అమ్మకపు పన్ను లేదు, ఆదాయ పన్ను ఉంది. వాషింగ్టన్‌లో అమ్మకపు పన్ను ఉంది, మామూలు జీతం మీద దశాబ్దాలుగా రాష్ట్ర ఆదాయ పన్ను లేదు. అయితే వాంకూవర్‌లో ఇల్లు తీసుకుని పోర్ట్‌లాండ్‌లో కొనుక్కుంటే రెండు పన్నులూ తప్పుతాయని మొదటి చూపులో అనిపిస్తుంది. నది దాటి వెళ్ళి ఓరెగాన్‌లో పనిచేసి సంపాదించిన జీతానికి ఓరెగాన్ పన్ను వేస్తుంది, ఇల్లు ఎక్కడున్నా సరే. అక్కడ కొని తెచ్చి వాడే వస్తువులకి వాషింగ్టన్‌కి యూజ్ ట్యాక్స్ అనే పన్ను చట్టప్రకారం కట్టాలి. ఏ పన్ను ఇంటిని బట్టి, ఏ పన్ను పనిచేసే చోటుని బట్టి, ఏది వాడే చోటుని బట్టి వేస్తారో విడదీయకుండా పక్క నగరంలో పన్ను తక్కువ అన్న మాటకి అర్థం లేదు.

కుళాయి ఎవరి చేతిలో ఉంది

ఆకాశం ఉమ్మడి, కుళాయి మాత్రం ఏ నగరానికి ఆ నగరానిదే. మిషిగన్‌లోని ఫ్లింట్ నగరం డెట్రాయిట్ నుంచి శుద్ధి చేసిన హ్యూరాన్ సరస్సు నీళ్ళు కొనేది. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి తమ ఊరి నది నీళ్ళకి మారింది. గొట్టాలు తుప్పుపట్టకుండా కలపాల్సిన రసాయనం కలపలేదు. పాత గొట్టాల్లోని సీసం నీళ్ళలోకి దిగింది. 2015 అక్టోబరులో మళ్ళీ డెట్రాయిట్ నీళ్ళకి మారేదాకా, ఆ తర్వాత కూడా చాలాకాలం, అక్కడి తల్లులు పిల్లలకి కుళాయి నీళ్ళు పట్టడానికి భయపడ్డారు. ఒక నగరపాలన తన డబ్బు ఇబ్బందికి వెతుక్కున్న దారి ఇంట్లో గ్లాసులోకి ఎలా వస్తుందో ఇంతకంటే బాధాకరంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

1956లో చార్ల్స్ టీబూ అనే ఆర్థికవేత్త ఒక అందమైన ఆలోచన చెప్పాడు. పక్కపక్కన చాలా నగరపాలికలు ఉంటే, ఒక్కొక్కటీ ఒక్కో రకం పన్నులూ సేవలూ ఇస్తుంటే, జనం తమకి నచ్చినదానికి మారిపోతారు. అదే వాళ్ళ ఓటు. అయితే ఆ సిద్ధాంతం నిలబడాలంటే ఏ నగరం ఏమిస్తుందో అందరికీ పూర్తిగా తెలిసి ఉండాలి, మారడానికి ఖర్చు ఉండకూడదు. రెండూ నిజజీవితంలో ఉండవు. మొదటిదాన్ని కొంతైనా మనమే సంపాదించుకోవచ్చు. నగరపాలిక బడ్జెట్లో అప్పు ఎంత, వడ్డీకి ఎంత పోతోంది, నీళ్ళూ డ్రైనేజీల మరమ్మతుకి ఎంత పెడుతున్నారు అన్నవి చాలాచోట్ల బహిరంగ పత్రాలే. ఈ రోజు పన్ను తక్కువగా ఉండి, గొట్టాలు పాతబడి, అప్పు పెరుగుతున్న నగరంలో రేపు పన్ను పెరుగుతుంది, లేదా సేవ తగ్గుతుంది.

రాబోయే వాటి సంగతి

ఇల్లు అమ్మేవాళ్ళ నోట ఎక్కువగా వినిపించేది భవిష్యత్తు కాలం. కొత్త రోడ్డు పడుతుంది, రైలు వస్తుంది, విమానాశ్రయం మారిపోతుంది. రోడ్డు పడినా ఊరట ఎంతకాలం? రద్దీ వేళల్లో కొత్త రోడ్డు మళ్ళీ నిండిపోతుందని ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లోనే చెప్పాడు. 2011లో జిల్స్ డ్యురాంటన్, మాథ్యూ టర్నర్ అమెరికా నగరాల లెక్కలు తీసి, రోడ్డు ఎంత శాతం పెరిగితే వాహనాల తిరుగుడూ దాదాపు అంతే శాతం పెరుగుతోందని చూపించారు. ఇక తేదీల విషయం: బెర్లిన్ కొత్త విమానాశ్రయం 2012 జూన్ 3న తెరుస్తామని ప్రకటించి, నెలరోజులు కూడా లేదనగా వాయిదా వేశారు. తెరిచింది 2020 అక్టోబరు 31న. అది తెరిస్తే పాత టెగెల్ విమానాశ్రయం మూతపడి రొద పోతుందనుకుని దాని పక్కన ఇల్లు తీసుకున్న మనిషికి ఎనిమిదేళ్ళు విమానాలు నెత్తిమీదే తిరిగాయి. ఈ రోజు ఉన్నదానికి ఎంత ఇవ్వవచ్చో అంతే ఇవ్వండి. వచ్చేది వస్తే లాభం.

పక్కపక్కన పెట్టి చూస్తే

మనసు చేసే ఒక తప్పుని కూడా ఇక్కడే చెప్పాలి. క్రిస్టఫర్ సీ అనే పరిశోధకుడు 1996లో ప్రచురించిన ప్రయోగంలో రెండు సంగీత నిఘంటువులకి ధర కట్టమన్నాడు. ఒకదానిలో 10,000 పదాలు, కొత్తగా ఉంది. రెండోదానిలో 20,000 పదాలు, అట్ట చిరిగింది. విడివిడిగా చూపించినప్పుడు జనం మొదటిదానికి ఎక్కువ ధర కట్టారు. రెండూ పక్కపక్కన పెడితే రెండోదానికి ఎక్కువ కట్టారు. పదాల సంఖ్య పెద్దదా చిన్నదా అన్నది పక్కన ఇంకోటి ఉంటేనే తెలుస్తుంది.

రెండు నగరాల్లో రెండు ఇళ్ళు చూస్తున్నప్పుడు మనం సరిగ్గా ఆ స్థితిలోనే ఉంటాం. ఒక ఇల్లు ఇంకోదానికంటే రెండు వందల చదరపు అడుగులు పెద్దది అన్న అంకె మెరుస్తుంది. కానీ చేరాక మనం ఒక్క ఇంట్లోనే ఉంటాం. పక్కన రెండో ఇల్లు ఉండదు, ఆ రెండు వందల అడుగులు మూడో నెలకి కనిపించవు. కిటికీలోంచి వచ్చే రొద మాత్రం ప్రతి రాత్రీ వినిపిస్తుంది. డేవిడ్ ష్కేడ్, డానియల్ కానెమన్ అనే పరిశోధకులు 1998లో ప్రచురించిన అధ్యయనంలో కాలిఫోర్నియాలోనూ మధ్య పశ్చిమ రాష్ట్రాల్లోనూ చదివే విద్యార్థుల్ని అడిగినప్పుడు, కాలిఫోర్నియాలో ఉండేవాళ్ళే ఎక్కువ సంతోషంగా ఉంటారని రెండుచోట్లవాళ్ళూ ఊహించారు. తమ జీవితం గురించి వాళ్ళిచ్చిన మార్కుల్లో మాత్రం తేడా లేదు. పోల్చేటప్పుడు కంటబడినదానికి బతికేటప్పుడు అంత చోటు ఉండదు.

అందుకే ప్రతి అంశానికీ మార్కులేసి కూడే పట్టికలంటే నాకు నమ్మకం తక్కువ. దాని బదులు ఒక్క మంగళవారాన్ని రాసి చూడండి. పండగ రోజు వద్దు, సెలవు రోజు వద్దు, మామూలు మంగళవారం. మొదటి నగరంలో ఆ పేటలో ఎన్నింటికి లేస్తారు, నీళ్ళు ఎప్పుడొస్తాయి, పిల్ల ఎలా బడికి వెళ్తుంది, సాయంత్రం మందులు కావాలంటే నడిచి వెళ్ళే దూరంలో ఉన్నాయా, రాత్రి తొమ్మిదికి ఒంటరిగా వీధి మలుపు దాకా వెళ్ళడానికి అమ్మాయి జంకుతుందా. రెండో నగరానికీ అలాగే రాయండి. రాయలేని చోట్లే మీకు తెలియని చోట్లు. అవి తెలుసుకోవడానికి బడి వదిలే వేళ ఒకసారి, జోరువాన పడిన సాయంత్రం ఒకసారి, అర్ధరాత్రి ఒకసారి ఆ వీధిలో నిలబడాలి. ఇల్లు చూపించేవాళ్ళు ఆదివారం పొద్దున్నే రమ్మనడంలో వాళ్ళ సౌకర్యం ఉంది, మనది లేదు.

కొనే ఆలోచన ఉన్నా ముందు అద్దెకి ఉండి చూడటం మేలు. అద్దె ఇంట్లో తప్పు చేస్తే పోయేది అడ్వాన్సు, సామాను మోత. కొన్న ఇంట్లో తప్పు చేస్తే రిజిస్ట్రేషను ఖర్చులు, అమ్మేటప్పటి నష్టం, ఏళ్ళ తరబడి అప్పు. అద్దెకున్న ఏడాదిలో కట్టిన డబ్బు వృథా అనేవాళ్ళతో నేను ఏకీభవించను. ఒక వానాకాలాన్ని, ఒక ఎండాకాలాన్ని, బడిలో ఒక సంవత్సరాన్ని చూసినందుకు అది చెల్లింపు.

ఇంత చేశాక కూడా ఒక్కోసారి కాగితం మీద అన్నీ కొట్టుకుపోతాయి. ఇల్లూ రవాణా కలిపి అంతే ఖర్చు, గంటలు అంతే, నీళ్ళు రెండుచోట్లా బాగానే ఉన్నాయి, బడులూ సమానమే. అప్పుడు ఇంకో నెల వెతికినా కొత్తది బయటపడదు. ఎటు వెళ్ళినా పెద్దగా పోయేదేమీ లేదని అర్థం. అలాంటప్పుడు నేనైతే ఒక్కటే చూస్తాను. రాత్రి రెండింటికి ఇంట్లో ఎవరికైనా బాగాలేకపోతే ఫోన్ చేయగానే తలుపు దగ్గరికి రాగల మనిషి ఏ నగరంలో ఉన్నారు?